వరి మాగాణిలో యూరియేజ్: ఎంజైముల వర్గీకరణ, గతిశాస్త్ర ప్రాథమికాంశాలు

స్వర్ణముఖి తీరంలోని నాయుడుపేట ప్రాంతంలో వరి ప్రధాన పంట. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. అందులో పైరుకు చేరేది ఎంత, గాలిలో కలిసేది ఎంత అన్నది చాలావరకు కొన్ని ఎంజైముల వేగంపై ఆధారపడి ఉంటుంది. వేపపూత యూరియా వాడితే నత్రజని నష్టం పూర్తిగా ఆగిపోతుందన్న భావన సరియైనది కాదు. ఏ నష్టానికి ఏ ఎంజైము కారణమో తెలిసినప్పుడే ఏ యాజమాన్య పద్ధతి దేనికి ఉపకరిస్తుందో రైతుకు వివరించడం సాధ్యమవుతుంది.

ఎంజైముల వర్గాలు

ఎంజైములు జీవకణాలలో తయారయ్యే ఉత్ప్రేరకాలు. జేమ్స్ సమ్నర్ 1926లో జాక్ బీన్ గింజల నుండి యూరియేజ్‌ను స్ఫటిక రూపంలో వేరుచేసి, అది ప్రోటీన్ అని నిరూపించాడు. ఈ కృషికి ఆయనకు 1946 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. జరిపే చర్యను బట్టి ఎంజైములను ఏడు వర్గాలుగా విభజించారు.

1. ఆక్సిడోరిడక్టేజులు: ఆక్సీకరణ, క్షయకరణ చర్యలు. ఉదా: నైట్రేట్ రిడక్టేజ్.
2. ట్రాన్స్‌ఫరేజులు: ఒక సమూహాన్ని వేరొక అణువుకు మార్చేవి. ఉదా: అమైనోట్రాన్స్‌ఫరేజులు.
3. హైడ్రోలేజులు: నీటి సహాయంతో బంధాలను ఛేదించేవి. ఉదా: యూరియేజ్, అమైలేజ్.
4. లయేజులు: నీటి ప్రమేయం లేకుండా బంధాలను విడదీసేవి. ఉదా: రూబిస్కో.
5. ఐసోమరేజులు: అణువు లోపలి అమరికను మార్చేవి. ఉదా: ట్రయోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్.
6. లైగేజులు: ఏటీపీ శక్తితో అణువులను కలిపేవి. ఉదా: వరి వేరు గ్రహించిన అమ్మోనియంను అమైనో ఆమ్లంగా మార్చే గ్లుటమిన్ సింథటేజ్.
7. ట్రాన్స్‌లొకేజులు: అయాన్లను, అణువులను పొరల గుండా చేరవేసేవి. ఉదా: ఏటీపీ సింథేజ్. ఈ వర్గం 2018లో చేర్చబడింది.

చర్యా వేగం

ఎంజైము ఏ పదార్థంపై పనిచేస్తుందో దానిని అధస్థ పదార్థం అంటారు. యూరియేజ్‌కు యూరియా అధస్థ పదార్థం. 1913లో మైకేలిస్, మెంటెన్ ప్రతిపాదించిన సమీకరణం ఇది:

వేగం = (గరిష్ఠ వేగం × గాఢత) ÷ (మైకేలిస్ స్థిరాంకం + గాఢత)

గరిష్ఠ వేగం ఎంజైము పరిమాణాన్ని బట్టి మారుతుంది. వేగం గరిష్ఠంలో సగానికి చేరే గాఢతయే మైకేలిస్ స్థిరాంకం. గాఢత దీనికంటే చాలా తక్కువైతే వేగం గాఢతకు అనులోమంగా ఉంటుంది. ఇది ప్రథమ క్రమాంక చర్య. చాలా ఎక్కువైతే ఎంజైము అణువులన్నీ నిండిపోయి వేగం స్థిరపడుతుంది. ఇది శూన్య క్రమాంక చర్య.

జాక్ బీన్ యూరియేజ్ స్థిరాంకం సుమారు 3 మిల్లీమోలార్. నేలలోని యూరియేజ్‌కు ఈ విలువ భిన్నంగా ఉన్నప్పటికీ లెక్కకు దీనిని తీసుకోవచ్చు. ఎకరాకు 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది సుమారు 2 లక్షల లీటర్లు. అందులో ఒక బస్తా కరిగితే గాఢత సుమారు 3.7 మిల్లీమోలార్, వేగం గరిష్ఠంలో 55 శాతం. అర బస్తా చల్లితే వేగం 38 శాతానికే తగ్గుతుంది, సగానికి కాదు. అనగా దఫాలుగా వేయడం యూరియేజ్‌ను అడ్డుకోదు. పైరు అవసరానికి తగినట్లు నత్రజనిని అందించడమే దాని ప్రయోజనం.

నష్టం, నివారణ

యూరియేజ్ చర్య వల్ల ఏర్పడే అమ్మోనియా నీటి ఉదజని సూచికను పెంచుతుంది. పగటి వేళ నాచు బొగ్గుపులుసు వాయువును గ్రహించడం వల్ల అది మరింత పెరుగుతుంది. ఉదజని సూచిక 7.25 వద్ద అమ్మోనియా రూపం 1 శాతం మాత్రమే, 8.25 వద్ద 9 శాతం, 9.25 వద్ద సగం. గాలిలో కలిసేది ఈ అమ్మోనియాయే.

వేపపూత ప్రధానంగా అమ్మోనియంను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులను మందగింపజేస్తుంది. వాటి తొలి ఎంజైము అమ్మోనియా మోనోఆక్సిజనేజ్ మొదటి వర్గానికి చెందినది. యూరియేజ్ మూడవ వర్గానికి చెందినది. కావున నిలువ నీటిలో చల్లిన వేపపూత యూరియా నుండి కూడా అమ్మోనియా ఆవిరవుతుంది. యూరియేజ్‌ను నిరోధించేది ఎన్‌బీపీటీ వంటి రసాయనం. ఇది నేలలో మార్పుచెంది, ఎంజైము క్రియాశీల స్థానంలోని నికెల్‌ను పట్టుకొని యూరియాకు చోటు లేకుండా చేస్తుంది.

నీటిని తీసివేసి బురద పదునులో యూరియా చల్లి, 36–48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలన్న సిఫారసుకు ఆధారం ఇదే. ఏర్పడిన అమ్మోనియం నిలువ నీటిలోకి పోక బంకమట్టి కణాలకు అంటుకుంటుంది. 50 కిలోల యూరియాను 250 కిలోల తేమ మట్టితో కలిపి రెండు రోజులు నిలువ ఉంచినప్పుడు కూడా కొంత యూరియా ఇట్లే మారుతుంది. కుప్పలో యూరియా గాఢత అత్యధికం కాబట్టి అక్కడ వేగాన్ని నిర్ణయించేది మట్టిలోని ఎంజైము పరిమాణమే.

ప్రదర్శన

ఉలవలలోనూ యూరియేజ్ ఉంటుంది. ఉలవపిండి కలిపిన నీటిలో యూరియా కరిగించి, చిటికెడు పసుపు వేస్తే కొంత సేపటికి పసుపు రంగు ఎరుపుగా మారుతుంది. క్షారత పెరిగిందనుటకు ఇది గుర్తు. మరిగించి చల్లార్చిన ఉలవపిండి నీటితో ఈ మార్పు కనిపించదు, వేడికి ఎంజైము నిర్మాణం చెడిపోవడమే కారణం. రైతు శిక్షణ తరగతులలో రెండు గాజు గ్లాసులతో దీనిని చూపవచ్చు.