ట్రాక్టరు బ్రేకులు – మెకానిక్కు సలహాను పరీక్షించు విధము

ధాన్యము మార్కెట్టుకు తరలించు రోజులలో ట్రాక్టరు బ్రేకులకు పని ఎక్కువ. అట్టి సమయమున మెకానిక్కు "లైనింగులు అరిగినవి, మార్చవలె"నని చెప్పినచో రైతు సందిగ్ధములో పడును. నమ్మినచో ఖర్చు, నమ్మనిచో ప్రాణభయము. మెకానిక్కు మంచివాడా కాడా అని తర్కించుటకన్న, అతడు చూపు కారణము సరియైనదా కాదా అని పరిశీలించుట మేలు.

స్వయముగా చేయదగిన పరీక్ష

ముందుగా రెండు వెనుక టైర్లలో గాలి సమానముగా నున్నదో లేదో చూడవలెను. ట్రైలరును విప్పి, మనుషులు, పశువులు లేని చదునైన పొడినేలపై, రెండు బ్రేకు పెడళ్లను కొక్కెముతో కలిపి, ట్రాక్టరును మెల్లగా నడిపి బ్రేకు వేయవలెను. తిన్నగా ఆగినచో రెండువైపుల పట్టు సమానముగా నున్నట్లు. ఒక ప్రక్కకు లాగినచో ఆ ప్రక్క పట్టు ఎక్కువ, రెండవ ప్రక్క తక్కువ అని గ్రహింపవలెను.

పెడలు మునుపటికన్న లోతుగా దిగుచున్నంత మాత్రమున లైనింగు మార్చనక్కరలేదు. మొదట పెడలు వట్టి కదలికను సూచనల పుస్తకములో చెప్పినట్లు సవరింపవలెను. సవరించు మరకు ఇక తిరుగు చోటు లేకున్నచో లైనింగు మందము తరిగియుండవచ్చును. ఇనుము ఇనుముతో రాచుకొను చప్పుడు వచ్చినచో ట్రాక్టరును రోడ్డెక్కింపరాదు.

మెకానిక్కును అడుగవలసిన ప్రశ్నలు

1. విప్పి చూచితివా? చూడకయే మార్చుమను సలహాకు విలువ తక్కువ. విప్పించి, లైనింగు మందమును నాలుగైదుచోట్ల కొలిపించి, పుస్తకములోని కనిష్ఠ కొలతతో పోల్చవలెను. రివెట్లుగల లైనింగు రివెట్టు తలల మట్టమునకు అరిగినచో తప్పక మార్చవలెను.

2. ఇది అరుగుదలా, నూనె తగులుటా? నూనె పీల్చిన పొడి లైనింగును కడిగినను మునుపటి పట్టు రాదు, మార్చవలసినదే. అయితే నూనె కారుచున్న సీలును కూడ మార్చనిచో క్రొత్త లైనింగు సైతము పాడగును. సీలు సంగతి చెప్పని సలహా సగము సలహాయే.

3. రెండువైపుల మార్చెదవా? ఒకవైపే మార్చినచో పట్టు సమానముగా నుండదు. డ్రమ్ము లేక డిస్కుపై గాట్లు, పగుళ్లు ఉన్నవేమో చూపుమని అడుగవలెను.

4. పాత సామాను ఇచ్చెదవా? నిజాయితీగల పనివాడు దీనికి సంకోచింపడు.

నూనెలో మునిగియుండు బ్రేకులు

ఇవి పొడి బ్రేకులకన్న ఎక్కువ కాలము మన్నును. వీటిని విప్పుట పెద్ద పని. కావున చప్పుడు వచ్చినను, పట్టు తగ్గినను, మొదట నూనె మట్టము, రకము కంపెనీ చెప్పినట్లున్నవో లేవో చూడవలెను. ఈ సంగతి చూడకుండ వెంటనే విప్పుదమన్న మెకానిక్కు మాటపై మరియొకరి అభిప్రాయము అడుగుట మంచిది.

"ఇంకొక సీజను నడచును" అన్నచో

రైతులు సాధారణముగా "మార్చుము" అన్న మాటనే శంకింతురు. "మార్చనక్కరలేదు" అన్న మాటను కూడ అంత గట్టిగానే పరీక్షింపవలెను. మొదటి సలహా తప్పైనచో పోవునది కొంత డబ్బు. రెండవది తప్పైనచో పోవునది ప్రాణము. కొలత హద్దునకు దగ్గరగా నున్నప్పుడు మార్చుటయే లాభము.

జాగ్రత్తలు

చక్రములకు అడ్డు పెట్టకుండ బ్రేకులు విప్పరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. కావున గాలితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను. క్రొత్త లైనింగు కొన్నాళ్లు పనిచేసి కుదురుకొనిన పిదప మరల సవరింపవలెను.

రోడ్డుపై రెండు పెడళ్లు ఎల్లప్పుడు కలిపియే ఉండవలెను. పల్లములో గేరు తీసి నడుపరాదు. బ్రేకులు లేని ట్రైలరు బరువు ట్రాక్టరును వెనుకనుండి త్రోయును. బ్రేకులు క్రొత్తవైనను బరువు మితముగా వేసి, మెల్లగా నడుపవలెను.