దక్షిణ వేరు, ఉత్కోచం వేరు



లంచానికి సంస్కృతంలో ‘ఉత్కోచం’ అని పేరు. ఉత్కోచంతో బ్రతికే అధికారుల ధనాన్ని హరించి, వారిని దేశం నుండి వెడలగొట్టాలని యాజ్ఞవల్క్యస్మృతి రాజును ఆదేశిస్తుంది. నీటిలోని చేప ఎప్పుడు నీరు త్రాగుతుందో తెలియనట్లే, రాజధనం నడుమ మెలగే ఉద్యోగి దానిని ఎప్పుడు కాజేస్తాడో తెలియదని కౌటిల్యుడు హెచ్చరించాడు. పుచ్చుకొనే చేతిని గురించి పెద్దలు ఇంతగా చెప్పారు. మరి ఇచ్చే చేయి మాటేమిటి? ఒకనాడు ఆ చేయి నాదే కనుక ఈ ప్రశ్న వేస్తున్నాను.

అధ్యాపక పదవి నుండి విరమించిన తరువాత నా పింఛను కాగితాలు ఒక కార్యాలయంలో నెలల తరబడి కదలలేదు. ‘పంతులుగారూ, పైవారికి కొంచెం దక్షిణ సమర్పించుకోండి’ అన్నాడు అక్కడి గుమాస్తా. ఆ మాట నాకు ఊరటనిచ్చింది. కవరులో పెట్టి ఇచ్చాను. వారంలో పని జరిగింది.

ఎందుకిచ్చాను? ఇవ్వకపోతే కాగితం మూలపడుతుందేమోనన్న భయం. పదిసార్లు తిరిగే బస్సు ఛార్జీల కంటే ఇదే చౌక అన్న లెక్క. అందరూ ఇస్తున్నదే కదా అన్న సమాధానం. వీటికి తోడు మంచి పేరొకటి దొరికింది. ‘మామూలు’, ‘కాఫీ ఖర్చు’, ‘దక్షిణ’ అనగానే తప్పు మర్యాదగా కనబడుతుంది.

కాని దక్షిణ కర్మ ముగిసిన తరువాత, పదుగురి ఎదుట, శక్తికొలది, ఇష్టంతో ఇచ్చేది. ఉత్కోచం పనికి ముందే, చాటుగా, అడిగినంత, భయంతో ఇచ్చేది. రెండింటికీ ఒక్క లక్షణమైనా కలవదు.

ఉత్తర్వు పుచ్చుకొని వస్తుంటే, నాకంటే ముందు నుండి తిరుగుతున్న ఒక ఇల్లాలు అదే బల్లమీద కూర్చుని ఉంది. భర్త పోయిన తరువాత రావలసిన పింఛను కోసం వచ్చేది. ‘మీకయిందా అయ్యగారూ?’ అని సంతోషంగా అడిగింది. బదులు చెప్పలేకపోయాను. నేను కొన్నది నా హక్కును కాదు, ఆమె వంతును. ధర్మదర్శనపు వరుసలో ఒకరు తోసుకొని ముందుకు పోతే మనం సహిస్తామా?

1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఇప్పుడు లంచమిచ్చినవారూ నేరస్థులే; బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజులలో ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ ఉంది. అడిగిన నాడే అవినీతి నిరోధక శాఖకు తెలుపవచ్చు. కాగితం ఎక్కడ ఆగిందో 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద వ్రాసి అడగవచ్చు. సాధారణంగా 30 రోజులలో బదులివ్వాలి.

ఇవి నిదానమైన దారులే. అయినా వరుసలో మన వెనుక నిలిచినవారి ముఖం చూడగలిగిన దారులు. ఆ ఇల్లాలి పని అయిందో లేదో నేను నేటికీ ఎరుగను.