స్టూల్ సంగతి అడుగు

చిరంజీవి బంగారుతల్లికి, అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఆ పెద్ద సూపర్ మార్కెట్ కంపెనీ ఇంటర్వ్యూలో రెండు రౌండ్లు దాటావన్నది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. బిస్కెట్లు అరలో ఎలా సర్దుతావంటే, గడువు దగ్గరపడ్డవి ముందుకి, కొత్తవి వెనక్కి అన్నావు. సరిగ్గా చెప్పావు. బార్‌కోడ్ 890తో మొదలైతే సరుకు మన దేశంలో తయారైనట్టే అన్నావే, అది మాత్రం తప్పు. ఆ నంబరు మన దేశపు సంస్థ ఇచ్చిందని అర్థం, అంతే. మళ్ళీ అడిగితే దిద్దుకో.

కానీ చివర్న, “రోజంతా నిలబడగలవా?” అంటే “ఎంతసేపైనా” అన్నానని రాశావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పంతొమ్మిదేళ్ళప్పుడు విజయవాడలో నేను చేరిన బట్టల షాపు సంగతి నీకు తెలుసు. ఇంటర్వ్యూ అంటే, యజమాని ఒక చీర విప్పి పడేసి మడతపెట్టమన్నాడు. అంచుకి అంచు కలిపి, కొంగు పైకి వచ్చేలా పెట్టాను. రేపట్నుంచి రమ్మన్నాడు. అంతకు ముందు పాత కొట్లలో తెల్ల పరుపులుండేవి. కొనేవాళ్ళూ గుమాస్తాలూ ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. మా అమ్మమ్మ అక్కడ కూర్చుంటే పూట గడిచిపోయేది. అద్దాల కౌంటర్లు వచ్చాక కొనేవాళ్ళకి స్టూళ్ళు మిగిలాయి, మాకు అవీ లేవు. శ్రావణమాసంలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా కాళ్ళమీదే. మీ నాన్న సైకిలేసుకుని వచ్చి బయట కాచుకునేవాడు. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టేవి కావు, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక కూర్చునేదాన్ని. ఇంటికెళ్ళాక వేణ్ణీళ్ళలో ఉప్పు వేసి తెచ్చేవాడు. పదో తరగతి కుర్రాడు! నీకు వాడి మనసే వచ్చింది.

పిక్కలు కదిలితేనే కాళ్ళలో నెత్తురు పైకి పోతుందని, కదలకుండా నిలబడితే కిందే నిలిచి నరాలు ఉబ్బుతాయని డాక్టరమ్మ చెప్పేసరికి నాకు నలభై దాటాయి. చిన్నప్పుడు నా పిక్క మీది నీలం ముడులు వేలితో తడిమి, “అత్తా, ఇవి నదులా?” అనేదానివి.

ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 చట్టంలోనే రాశారు. కేరళ షాపుల దాకా ఆ మాట చేరడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. కోజికోడ్‌లో విజి అనే దర్జీ, షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళని కూడగట్టి ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో అక్కడ చట్టం మార్చారు. 2021లో తమిళనాడు కూడా మార్చింది. నిలబడి నిలబడి విసిగిన ఆడవాళ్ళే సాధించారు తల్లీ.

మూడో రౌండ్ చివర “మీరేమైనా అడుగుతారా” అంటారు. జీతం అడుగు, వారం సెలవు ఏ రోజో అడుగు. ఆ తర్వాత బిల్లింగ్ కౌంటర్ దగ్గర స్టూల్ ఉంటుందా, షిఫ్టులో ఎన్నిసార్లు కూర్చోనిస్తారు అని అడుగు. గొంతు తగ్గించకు. అడిగితే ఉద్యోగం రాదేమోనని నీకు భయం. ఆ భయంతోనే నేను ఆరేళ్ళు నోరు మూసుకుని నిలబడ్డాను. వాళ్ళు ముఖం చిట్లిస్తే ఇంకో చోట చూద్దాం. అప్పటిదాకా ఖర్చులకి నేను పంపుతాను, మీ నాన్నకి చెప్పకు.

అన్నట్టు, నీ రెండు పాదాలూ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపు. పొద్దున కాదు, సాయంత్రం గీయి, అప్పటికి పాదం కాస్త పొంగుతుంది. మన వీధి చివర చెప్పులు కుట్టే ఆయనతో మెత్తటి అట్ట వేసిన చెప్పులు కుట్టించి పంపుతాను.

నీ అత్తయ్య