సెంట్ల బ్యాంకు

అమెరికా దేశంలో రిచ్‌మండ్ అని ఒక పట్నం ఉంది. అది వర్జీనియా రాష్ట్రానికి రాజధాని. ఆ పట్నంలో 1864లో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు మేగీ. నల్లజాతి పిల్ల. తల్లి ఎలిజబెత్ బానిసగా పుట్టిన మనిషి. బానిస అంటే కూలి మనిషి కాదు. కూలి మనిషికి సాయంత్రానికి కూలి డబ్బులైనా వస్తాయి. బానిసను సంతలో గొడ్డును కొన్నట్టు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు. 1865లో ఆ దేశంలో బానిసత్వం పోయింది. పేదరికం పోలేదు.

1876లో మేగీ మారుతండ్రి చనిపోయాడు. ఇల్లు గడవాలి. ఎలిజబెత్ తెల్లవాళ్ళ ఇళ్ళ బట్టలు తెచ్చి ఉతికేది. ఆరేసి ఇస్త్రీ చేసేది. ఆ బట్టలను మేగీ బుట్టలో మోసుకుపోయి ఇంటింటికీ ఇచ్చి వచ్చేది. తమ్ముణ్ణి చూసుకునేది. ఇంత పనిలోనూ బడి మానలేదు. 1883లో చదువు ముగించి పంతులమ్మ అయింది. మూడేళ్ళు పాఠాలు చెప్పింది. 1886లో పెళ్ళయింది. మేగీ వాకర్ అయింది. పెళ్ళయిన ఆడవాళ్ళు బడిలో పాఠం చెప్పకూడదని అక్కడ నియమం. ఉద్యోగం పోయింది.

ఆ రోజుల్లో నల్లవాళ్ళకు సొంత సంఘాలు ఉండేవి. సభ్యులు తలా కొంత చందా వేసేవాళ్ళు. ఎవరికైనా జబ్బు చేస్తే సంఘం ఆదుకునేది. చనిపోతే మట్టి ఖర్చులు ఇచ్చేది. అలాంటి వాటిలో ఒకటి సెయింట్ లూక్ సంఘం. దాన్ని 1867లో మేరీ ప్రౌట్ అనే నల్లజాతి ఆమె పెట్టింది. మేగీ పద్నాలుగేళ్ళప్పుడే అందులో చేరింది. 1899లో సంఘం పెత్తనం ఆమె చేతికి వచ్చింది. పెత్తనమైతే వచ్చింది, పెట్టెలో ఏముంది? 31 డాలర్ల 61 సెంట్లు. అప్పు మాత్రం 400 డాలర్లు.

సెంటు అంటే ఇక్కడ అత్తరు కాదు. సెంటు భూమి కూడా కాదు. మనకు పైసా ఎలాగో వాళ్ళకు సెంటు అలాగ. వంద సెంట్లు కలిస్తే ఒక డాలరు.

1901లో సంఘం సభ జరిగింది. మనకు సొంత పత్రిక కావాలి, సొంత బ్యాంకు కావాలి, ఆడవాళ్ళకు పని దొరికే సొంత వ్యాపారం కావాలి అని మేగీ ఆ సభలో చెప్పింది. ఎందుకు? నల్లవాళ్ళు చెమటోడ్చి సంపాదించిన డబ్బు తెల్లవాళ్ళ బ్యాంకుల్లో పడుతోంది. తెల్లవాళ్ళ దుకాణాల్లో ఖర్చవుతోంది. ఇల్లు కట్టుకుంటాం, చిన్న కొట్టు పెట్టుకుంటాం, అప్పు ఇవ్వండి అని అడిగితే మాత్రం తలుపు మూసేస్తున్నారు. మన డబ్బు మనకే అక్కరకు రావాలి అన్నది ఆమె మాట.

మాట బాగానే ఉంది. కాని జనం నమ్మాలి కదా! అంతకు ముందు ఒక దెబ్బ తిని ఉన్నారు. బానిసత్వం పోయిన ఏడాదే నల్లవాళ్ళ కోసమని ఒక పెద్ద బ్యాంకు పెట్టారు. దాన్ని నడిపినవాళ్ళు ఎక్కువగా తెల్లవాళ్ళే. అడ్డదిడ్డంగా అప్పులిచ్చారు. 1874లో ఆ బ్యాంకు మూతపడింది. అప్పటికి అందులో దాదాపు 60 వేల మంది సొమ్ము ఉంది. పైసా పైసా కూడబెట్టినవాళ్ళు లబోదిబోమన్నారు. అలాంటివాళ్ళను మళ్ళీ బ్యాంకు గడప తొక్కించాలి.

మేగీ తొందరపడలేదు. 1902లో పత్రిక పెట్టింది. తెల్లవాళ్ళ బ్యాంకుకు పోయి అక్కడ పని ఎలా చేస్తారో దగ్గర కూర్చుని నేర్చుకుంది. 1903 నవంబరు 2న బ్యాంకు తలుపులు తెరిచింది. దాని పేరు సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు. పెన్నీ అంటే సెంటే. మొదటి రోజు దాదాపు 280 మంది వచ్చి ఖాతాలు తెరిచారు. కొందరు వంద డాలర్లకు పైగా వేశారు. ఒకరు 31 సెంట్లు వేశారు. ఆ 31 సెంట్లకూ పుస్తకంలో లెక్క రాశారు. సాయంత్రానికి 8 వేల డాలర్లు దాటింది. బట్టలు ఉతికేవాళ్ళు, ఇళ్ళల్లో వంట చేసేవాళ్ళు ఆ బ్యాంకులో డబ్బు దాచారు. చిన్నపిల్లలకు అట్టపెట్టెలు ఇచ్చి సెంట్లు దాచడం నేర్పారు. వారానికి 5 సెంట్లు దాచితే ఎన్ని వారాలకు ఒక డాలరు అవుతుంది? మీరే లెక్క కట్టి చూడండి.

ఆ డబ్బును బ్యాంకు ఊరికే బీరువాలో పెట్టి తాళం వేయలేదు. అప్పులు ఇచ్చింది. 1920 నాటికి 600 పైచిలుకు కుటుంబాలు ఈ బ్యాంకు అప్పుతో సొంత ఇల్లు సంపాదించుకున్నాయి. అద్దె ఇంట్లో ఉండే చాకలామెకు ఇంటి కాగితం చేతికి రావడమంటే మాటలు కాదు.

దుకాణం సంగతి అలా జరగలేదు. 1905లో ఊరి పెద్ద బజారులో మేగీ వాళ్ళు ఎంపోరియం పెట్టారు. బట్టలు, టోపీలు, చెప్పులు అమ్మేవాళ్ళు. పదిహేను మంది దాకా నల్లజాతి ఆడవాళ్ళకు అందులో ఉద్యోగాలు దొరికాయి. అంతకు ముందు వాళ్ళకు దొరికే పని ఒకరింట్లో అంట్లు తోమడం, బట్టలు ఉతకడం. తెల్ల వ్యాపారులకు ఇది కంటగింపు అయింది. ఎక్కువ డబ్బిస్తాం, ఆ భవనం మాకు అమ్మేయండి అన్నారు. మేగీ వాళ్ళు అమ్మలేదు. అప్పుడు టోకు వ్యాపారుల దగ్గరికి పోయారు. వాళ్ళకు సరుకు ఇస్తే మీ దగ్గర మేము కొనం అని బెదిరించారు.

ఇంకో బాధ కూడా ఉంది. సొంత జనమే చాలామంది ఆ దుకాణానికి రాలేదు. తెల్లవాళ్ళ కొట్టుకు పోవడం అలవాటైపోయింది. మర్యాద లేకపోయినా అక్కడికే పోయారు. మనవాళ్ళ కొట్టుకు మనవాళ్ళే రాకపోతే ఎలాగని మేగీ సభల్లో నిలదీసి అడిగేది. అయినా ఏడేళ్ళు నిండకుండానే దుకాణం మూతపడింది. దాచడానికి వచ్చిన చేతులు కొనడానికి రాలేదు.

బ్యాంకు మాత్రం నిలిచింది. 1929 తర్వాత అమెరికాలో పెద్ద కరువులాంటి రోజులు వచ్చాయి. వేల బ్యాంకులు దివాలా తీశాయి. మేగీ అప్పటికి కాళ్ళు పడిపోయి చక్రాల కుర్చీలో ఉంది. ఆ కుర్చీలోనే బ్యాంకుకు వచ్చేది. తమ బ్యాంకును మరో రెండు నల్లవాళ్ళ బ్యాంకులతో కలిపింది. మూడూ ఒకటై గట్టెక్కాయి. 1934లో మేగీ చనిపోయింది. నూరేళ్ళు దాటాక ఆ బ్యాంకు వేరేవాళ్ళ చేతుల్లోకి పోయింది. రిచ్‌మండ్‌లో ఆమె ఉన్న ఇల్లు ఇప్పుడు జనం చూడడానికి తెరిచి ఉంది. 2017లో అక్కడ ఆమె విగ్రహం పెట్టారు.

1992లో సారా వద్దని పోరాడిన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు కూడా ఆ తర్వాత రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. వాళ్ళు మేగీ వాకర్ పేరు విని ఉండకపోవచ్చు.

మాట్లాడుకోండి: మీ సంఘంలో అప్పు తీసుకుని కొట్టు గాని, కుట్టు మిషను గాని పెట్టుకున్నది ఎవరు? పోయిన వారం మీరు వాళ్ళ దగ్గర ఏమి కొన్నారు? కొనకపోతే ఎందుకు కొనలేదు?