బాటయు, బరియు

హైదరాబాదు పాతనగరమునకు పూర్వము చుట్టును కోటగోడ యుండెను. ఆ గోడకు పదుమూడు పెద్ద ద్వారము లుండెడివి. కాలక్రమమున గోడ చాలవరకు శిథిల మయ్యెను. ద్వారములును ఒక్కొక్కటిగా అంతరించెను. నేడు నిలిచియున్నవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా. రెండవది దబీర్‌పురా దర్వాజా. ‘దబీర్’ అను పారశీక పదమునకు లేఖకుడని యర్థము. గుర్రములును, పల్లకీలును, ఎడ్లబండ్లును పోయిన బాటలలో నేడు ఆటోలును, మోటారు సైకిళ్లును ఒకదానినొకటి ఒరసికొనుచు పోవుచున్నవి.

ఈ పేటలో బీబీ కా అలావా అను ప్రసిద్ధస్థలము కలదు. ఏటేట మొహర్రము పదవనాడు అచ్చటనుండి బీబీ కా ఆలం ఏనుగుపై ఊరేగును. ఆనాడు వాహనములు తొలగిపోవును. వీధి యంతయు ఏనుగు నడకకు లోబడును. ఒక నడకకు తగిన చోటును, సమయమును ఇచ్చుట ఆ పేటవారికి క్రొత్త కాదు. మరి వేగమునకు తగిన చోటెక్కడ? ఈ పాఠమున మనము విచారింపవలసిన ప్రశ్న యిదియే.

యౌవనమున వేగముపై మక్కువ కలుగుట సహజము. దానిని దోషమనరాదు. మన పల్లెలలో ఎడ్లపందెములు, నదులలో పడవపందెములు ఆ మక్కువనుండి పుట్టినవే. అయితే యంత్రము వచ్చిన పిదప ఒక గొప్ప భేదము కలిగెను. గుర్రము అలసినచో నిలుచును. ఎదుట గోయి కనబడినచో తానే బెదరి ఆగును. యంత్రమునకు అలసట లేదు, భయము లేదు. కావున ఆ రెండింటి యెరుకయు దానిని నడుపువాడే వహింపవలెను.

1885వ సంవత్సరమున జర్మనీ దేశమునందు గొట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ అనువారు కొయ్యచట్రమునకు పెట్రోలు యంత్రమును బిగించి తొలి మోటారు సైకిలును నిర్మించిరి. ఇరువదేండ్లయినను గడువకముందే ఐరోపా ఖండమున ఊరినుండి ఊరికి బహిరంగమార్గములపై మోటారు పందెములు సాగజొచ్చెను. 1903 మే నెలలో పారిస్ నగరమునుండి మాడ్రిడ్ నగరమునకు ఒక మహాపందెము ఏర్పాటయ్యెను. కార్లును, మోటారు సైకిళ్లును బయలుదేరెను. బాటకు ఇరుప్రక్కల లక్షలాది జనులు గుమిగూడిరి. వాహనములు లేపిన దుమ్ములో ముందు బాట కనబడదయ్యెను. ఆ మొదటి దశయందే పందెగాండ్రును, చూడవచ్చినవారును పలువురు ప్రాణములు కోల్పోయిరి. రెనో మోటారు సంస్థను స్థాపించిన సోదరులలో నొకడగు మార్సెల్ రెనో కూడ ఆ పందెమునందే గాయపడి మరణించెను. ఫ్రెంచి ప్రభుత్వము బోర్డో నగరమునొద్ద పందెమును నిలిపివేసెను.

ఆ దుర్ఘటన లోకమునకు ఒక సత్యమును తెలిపెను. బాట యందరిది. దానిపై పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లి నడచును. బడికి పోవు బాలుడు నడచును. మేతకు పోవు పశువు నడచును. అట్టి బాటను ఒకని వేగమునకు అప్పగింపరాదు. వేగమును పరీక్షింపగోరువారికి వేరు చోటు కావలెను. ఇంగ్లండు దేశమున ఆ కాలమునందు బాటలపై గంటకు 20 మైళ్లకు మించి పోరాదని చట్ట ముండెను. అచ్చట హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి తన సొంత భూమిలో బ్రూక్‌లాండ్స్ అను పందెపు బరిని కట్టించెను. అది 1907లో తెరువబడెను. మోటారు పందెములకొరకే కట్టిన బరులలో దానిని మొదటిదిగా చెప్పుదురు.

మన దక్షిణదేశమున ఈ క్రీడకు మద్రాసు నగరము కేంద్రమయ్యెను. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ స్థాపితమయ్యెను. నగరమునకు ఉత్తరమున షోలవరమునొద్ద రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానస్థల మొకటి వాడుకలేక యుండగా పందెములకు అదియే చాలకాలము బరిగా నుండెను. తరువాత శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టై గ్రామమునొద్ద క్లబ్బువారు క్రొత్త బరిని నిర్మింపగా 1990లో అది ఆరంభమయ్యెను. దాని చుట్టుకొలత 3.717 కిలోమీటర్లు, మలుపులు పండ్రెండు.

దబీర్‌పురాకు చెందిన యువకుడొకడు ఆ బరియందు తన మోటారు సైకిలును నడుపగోరి బయలుదేరెననుకొందము. పందెగాండ్రు కానివారు సైతము రుసుము చెల్లించి బరిలో అభ్యసించుటకు కొన్ని దినములు ఏర్పాటు చేయుదురు. అట్టి దినమును ‘ట్రాక్ డే’ యందురు. అందు గెలుపోటములు లేవు, బహుమానములు లేవు. ఎవరి విద్యను వారు మెరుగుపరచుకొనుటయే ప్రయోజనము. వాహనమును లారీపై పంపవచ్చును. కాని ఈ యువకుడు దానిపైననే పోదలచెను. దూరము ఆరువందల కిలోమీటర్లకు పైమాటే.

ముందునాడే అతడు గొలుసు బిగువును, బ్రేకులను, టైర్ల గాలిని సరిచూచుకొనును, త్వరగా నిద్రించును. తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగిసిన పిదప తల్లి అతని కుడిచేతి దండకు ఇమామ్ జామిన్ కట్టును. నాణెమును వస్త్రములో చుట్టి ప్రయాణికుని చేతికి కట్టుట పాతనగరపు ముస్లిము కుటుంబములలోని ఆచారము. క్షేమముగా గమ్యము చేరినపిదప ఆ నాణెమును బీదలకు దానము చేయవలెను. “ఆహిస్తా జానా, బేటా” అని తల్లి యనును. ‘నెమ్మదిగా వెళ్లు, నాయనా’ యని దాని భావము. వేగముకొరకై పోవువానికి ఈ మాట వింతగా తోచవచ్చును. కాని ఆనాటి ప్రయాణమునకంతటికిని సారము ఆ మాటయే.

మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ దాటి, హయత్‌నగర్ మీదుగా విజయవాడ బాటపై పోయి, నార్కట్‌పల్లివద్ద అతడు దక్షిణమునకు మరలును. నల్లగొండ, మిర్యాలగూడ గడచిన పిదప వాడపల్లి వచ్చును. దబీర్‌పురాకు ఉత్తరమున ప్రవహించు మూసీనది కృష్ణలో కలియునది ఇచ్చటనే. నగరమున సన్నగా కనబడిన యేరు తొందరపాటు లేకయే ఇంతదూరము వచ్చి మహానదిని చేరినది. కృష్ణ దాటి పిడుగురాళ్ల మీదుగా పోగా అద్దంకి వచ్చును. తొమ్మిదవ శతాబ్దినాటి పండరంగని శాసనమునందు తెలుగు పద్యము లభించినది ఈ యూరిలోనే. మేదరమెట్లవద్ద అతడు కోస్తాబాటను అందుకొని, ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేటల మీదుగా తమిళనాడు చేరును.

విశాలమైన బాట యెదుట నున్నది. చేతిలో బలమైన యంత్రము కలదు. అయినను అతడు ఏల తొందరపడరాదు? ఒక చిన్న లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు ముప్పది కిలోమీటర్లను అరగంటలో గడచును. వేగమును 80కి పెంచినచో ఇరువదిరెండున్నర నిమిషములలో గడచును. లాభము ఏడున్నర నిమిషములు. ఇక నష్టము చూతము. బ్రేకు వేసిన పిదప బండి నిలుచుటకు పట్టు దూరము వేగముతో సమముగా పెరుగదు. వేగముయొక్క వర్గముతో పెరుగును. వేగము రెండింతలైనచో ఆ దూరము నాలుగింతలగును. పొడిబాటపై గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఆపద కనబడి, చేయి బ్రేకును నొక్కుటకు ఒక సెకను పట్టినచో, ఆ లోపలనే బండి దాదాపు 17 మీటర్లు పోవును. ఆ పిదప నిలుచుటకు ఇంచుమించు మరి 20 మీటర్లు కావలెను. 120 కిలోమీటర్ల వేగమున ఆ రెండును కలిసి నూరు మీటర్లు దాటును. వరిధాన్యము ఆరబోసిన బాటయందు, వెనుక దీపములేని ట్రాక్టరు కదలుచున్న చోట, ఎదురుదిశలో వాహనము వచ్చు చోట నూరు మీటర్ల అవకాశమును ఎవరిత్తురు?

చెన్నైకి చేరువలో అతడు షోలవరము దాటును. పాత బరియుండిన చోటు అదియే. సాయంకాలమునకు శ్రీపెరుంబుదూరు ప్రాంతము చేరును. భగవద్రామానుజుల జన్మస్థలము అది. గమ్యము చేరినందున అతడు చేతి నాణెమును విప్పి ఒక బీదవాని చేతిలో పెట్టును, భుజించి విశ్రమించును. అలసిన దేహముతో బరిలో ప్రవేశించుట అవివేకము.

మరునాటి యుదయమున బరియొద్ద మొదట జరుగునది వేగము కాదు, పరీక్ష. నిపుణులు బండిని తనిఖీ చేయుదురు. పగిలినచో గాజుముక్కలు బాటపై పడకుండునట్లు దీపములకు పట్టీలు అంటింతురు. రౌతు దేహమంతయు తోలువస్త్రము, ముఖమంతయు మూయు హెల్మెట్, చేతితొడుగులు, పొడుగు బూట్లు ధరింపవలెను. జెండాల భాషను వివరింతురు. పసుపు జెండా ముందు అపాయము కలదని తెలుపును. ఎరుపు జెండా అభ్యాసము నిలిచినదని తెలుపును. గడుల జెండా ముగింపును తెలుపును. పిదప అనుభవమునుబట్టి రౌతులను జట్లుగా విభజింతురు.

బరిలో అతడు నేర్చుకొనునదేమి? టైరు నేలను తాకు భాగము అరచేయంత మాత్రమే. బండి పట్టు అంతయు ఆ రెండు అరచేతులంత చోటులోనే యున్నది. ఆ పట్టునే బ్రేకునకును, మలుపునకును పంచుకొనవలెను. ఒకదానికి అధికముగా వాడినచో రెండవదానికి తరుగును. కనుక వేగమును మలుపునకు ముందే, బండి నిటారుగా నున్నప్పుడే తగ్గింపవలెను; చూపును చక్రము ముందర గాక మలుపు చివరకు సారింపవలెను; బండి నిటారగు కొలదియు మెల్లగా వేగము పెంచవలెను. సగటున గంటకు నూరు కిలోమీటర్ల వేగమున పోయినచో ఒక చుట్టు రెండు నిమిషముల పదునాలుగు సెకనులలో ముగియును. అనగా ప్రతి రెండు నిమిషములకు అదే మలుపు మరల ఎదురగును. మొదటి చుట్టులో బ్రేకు ఆలస్యమైనచో రెండవ చుట్టులో దిద్దుకొనవచ్చును. ఎదురుగా ఎవరును రారు. అడ్డముగా ఎవరును దాటరు. బాట వెలుపల ఖాళీస్థలము కలదు. సహాయకులును, వైద్యులును సిద్ధముగా నుందురు. బాటకును, బరికిని గల ముఖ్యభేదము ఇదియే. బరి తప్పును దిద్దుకొననిచ్చును. బాట సాధారణముగా ఇయ్యదు.

అయినను బరి సైతము అపాయము లేనిది కాదు. 2023 ఆగస్టులో ఇదే బరియందు జరిగిన మోటారు సైకిలు పందెమున పదుమూడేండ్ల బాలుడొకడు పడి మరణించెను. మిగిలిన పందెములను నిర్వాహకులు రద్దుచేసిరి. ఆ బాలుడు ఇంచుమించు మీ యీడువాడు. ఇన్ని కట్టుదిట్టములు గల చోటనే ఇట్లు జరుగగా, ఏ కట్టుదిట్టమును లేని వీధిలో పందెమాడుట యెట్టిదో మీరే యోచింపుడు.

హైదరాబాదులోను మోటారు పందెము జరిగినది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్తుతో నడచు కార్ల ప్రపంచస్థాయి పందెము జరిగెను. కాని అందులకై బాటలను మూసివేసి, ఇరుప్రక్కల అడ్డుగోడలు నిలిపి, జనులను దూరముగా ఉంచవలసివచ్చెను. అనగా ఆ కొద్దిదినములు బాటను బరిగా మార్చిరి. అట్లు మార్చకుండ బాటపై పందెము జరుపలేదు.

మన చట్టమును ఈ భేదమును గుర్తించినది. 1988నాటి మోటారు వాహనముల చట్టము ప్రభుత్వానుమతి లేక బహిరంగస్థలమున పందెములాడుట నేరమని చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండక గేర్లు గల మోటారు సైకిలును నడుపరాదు. బాలుడు నడిపి నేరము చేసినచో అతని సంరక్షకునికి మూడేండ్లవరకు కారాగారశిక్షయు, ఇరువదియైదువేల రూపాయల జరిమానాయు విధించుటకు 2019నాటి సవరణ వీలు కల్పించినది. ఈ కాఠిన్యమునకు కారణము కలదు. 2022లో మన దేశమున బాటలపై 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములపై పోయినవారే. అది సంఖ్య మాత్రమే కాదు. ఒక్కొక్క అంకె వెనుక వాకిట నిలిచి ఎదురుచూచిన తల్లి యొకతె కలదు.

మన యువకుడు మూడవనాడు తిరుగుప్రయాణము చేయును. ఇప్పుడతనికి తన బండి యెంతలో నిలుచునో, చక్రపు పట్టు ఎంతవరకు నిలుచునో తెలియును. తెలిసినందున అతని వేగము పెరుగలేదు, జాగ్రత్త పెరిగినది. చౌటుప్పల్ సమీపమున ఎవడో కుర్రవాడు హెల్మెట్ లేక, వెనుకనుండి హారను మ్రోగించుచు, ‘నాతో పందెమునకు రా’ యన్నట్లు ప్రక్కన చేరును. నిన్న పండ్రెండు మలుపులను మరల మరల గడచినవాడు ఏమి చేయవలెను? అతడు వేగము తగ్గించి, ఎడమకు తొలగి, దారి యిచ్చును.

నిజమైన నేర్పరి లక్షణము అదియే. వేగమును పొందుట యంత్రముయొక్క శక్తి. దానిని తగినచోట మాత్రమే వినియోగించుట మనుష్యునియొక్క విద్య.