వెయ్యి రూపాయల జరిమానాతో ఆగకు



మీ హాస్టల్ సందులో చికెన్ వ్యర్థాలు మురుగుకాలువలో పోస్తున్నారనీ, న్యూసెన్స్‌కు శిక్ష చూస్తే వెయ్యి రూపాయల జరిమానాయేననీ, దానికి ఎవరు భయపడతారనీ రాశావు.

నువ్వు చదివింది నిజమే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 270వ సెక్షన్ ప్రజా న్యూసెన్స్ అంటే ఏమిటో చెబుతుంది. దానికి విడిగా శిక్ష చెప్పని చోట 292 కింద వెయ్యి దాకా జరిమానా. పాత శిక్షాస్మృతిలో రెండు వందలే ఉండేది. అయితే 270 చివరి వాక్యం మళ్లీ చదువు. కొందరికి సౌకర్యమో లాభమో ఉందన్న కారణంతో న్యూసెన్స్‌ను మన్నించరు. దుకాణం నలుగురికి పని ఇస్తోందన్న వాదన అక్కడ నిలవదు. ఇబ్బంది మాత్రం నలుగురిదీ కావాలి. పక్కింటి నీళ్లకు నీ ఒక్క గోడే చెమ్మగిలితే అది సివిల్ దావా.

జరిమానా కంటే పెద్ద ఆయుధం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో ఉంది. ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ‘ఫలానా గడువులోగా తొలగించు, లేదా వచ్చి కారణం చెప్పు’ అని ఉత్తర్వు ఇవ్వగలడు. అది ఖాయమయ్యాక కూడా కదలకపోతే తానే తీయించి, ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టవచ్చు. ఆపమని అధికారి ఆదేశించాక కూడా కొనసాగిస్తే న్యాయ సంహిత 293 ప్రకారం ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

మధ్యప్రదేశ్‌లోని రత్లాం కేసు తప్పక చదువు. తెరిచిన మురుగుకాలువలు, సారా కర్మాగారం వదిలే మురికినీళ్లు, మరుగుదొడ్లు లేక వీధిలోనే మలవిసర్జన చేయాల్సిన పేదల బస్తీ. అక్కడివాళ్లు ఇప్పటి 152కు బదులు అప్పట్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లారు. డబ్బు లేదని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వాదించింది. 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ సాకును ఒప్పుకోలేదు. చట్టం పెట్టిన బాధ్యతను ఖాళీ ఖజానా చూపించి తప్పించుకోలేరన్నారు. పేదవాడి వీధి కూడా కోర్టు లెక్కలోకి వస్తుందని చెప్పిన తీర్పు అది. నాకు దానిమీద ఎంతో గౌరవం.

కనుక నీ అర్జీలో దుకాణదారుతో పాటు మున్సిపాలిటీనీ చేర్చు. కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ పూడిందో, ఏ వేళ వ్యర్థాలు పోస్తున్నారో తేదీలతో రాయి. ఫొటోలు జతచెయ్యి, సందులో ఉన్నవాళ్లందరి సంతకాలూ తీసుకో. ఆర్డీవో ఆఫీసులో ఇచ్చేముందు చిత్తుప్రతి నాకు పంపు, దిద్ది ఇస్తాను.

మీ తాతయ్య