మీ నాన్న చెవితో విను

తెనాలి

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన పాటల పట్టిక చూశాను. పాటలన్నీ మంచివే, వంక పెట్టడానికేమీ లేదు. మీ నాన్న షష్టిపూర్తి ఫొటోల వీడియోకి మాత్రం అందులో సగానికి సగం పనికిరావు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, చూస్తాలే" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. పెళ్లి క్యాసెట్లకి మిక్సింగ్ చేసి బతికినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నా మాట కాస్త చెల్లుతుందనుకుంటాను.

పట్టికలో ముందంతా ఘంటసాల పాటలే పెట్టావు. పెద్దవాళ్లకి పాత పాటలైతే నచ్చుతాయనుకున్నట్టున్నావు. పప్పులో కాలేసింది అక్కడే. మీ నాన్న పుట్టింది 1965లో, విశ్వావసు నామ సంవత్సరంలో. అరవై ఏళ్లు తిరిగి మళ్లీ విశ్వావసు వచ్చింది కాబట్టే ఈ వేడుక. మాయాబజార్ 1957 నాటిది. అప్పటికి మా బావ భూమ్మీద పడనే లేదు. ఘంటసాల గారు 1974లో పోయేనాటికి నిక్కర్లేసుకుని బడికి పోతున్నాడు. అవి మీ తాతగారి వయసు పాటలు. మీ నాన్న లెక్క వేరు. శంకరాభరణం (1980) వచ్చేసరికి మూతి మీద నూగు మీసం. సాగరసంగమం (1983) నాటికి కాలేజీ. గీతాంజలి (1989) ఆడేనాటికి ఉద్యోగం కోసం అప్లికేషన్లు పెడుతున్నాడు. ఇళయరాజా పాటొకటి బస్టాండులో వినిపిస్తే బస్సు వదిలేసే తరం ఆయనది. ఇప్పటి కుర్రాళ్లకి అరవై దాటినవాళ్లంతా ఒకేలా ముసలివాళ్లుగా కనిపిస్తారు. అరవైకీ ఎనభైకీ మధ్య ఒక తరం సంగీతం ఉంది తల్లీ.

ఘంటసాలని పూర్తిగా తీసెయ్యమనడం లేదు. నాన్నమ్మా తాతయ్యల ఫొటోలు వచ్చే మొదటి రెండు నిమిషాల్లో ఆయనే ఉండాలి. ఆ పెళ్లిఫొటో ఉంది చూడు, స్టూడియోలో గుడ్డ పరదా ముందు ఇద్దరూ ఎవరికి వాళ్లు నిలబడ్డది. దాని మీద మాయాబజార్ పడవ పాట ముందు వచ్చే సంగీతం చాలు, గొంతు కూడా అక్కర్లేదు. ఏ ఫొటోకి ఏ పాట అన్న ప్రశ్నకి నా జవాబెప్పుడూ ఒక్కటే: ఆ ఫొటో తీసిన రోజుల్లో ఆ ఇంట్లో ఏం మోగుతుండేదో అది. నీకు నచ్చింది కాదు, ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ పెడుతున్నది అసలే కాదు.

ఆ ఇంట్లో మోగింది రేడియో. మీ తాతగారింట్లో గూట్లో మర్ఫీ సెట్టు ఉండేది. తెల్లవారుజామున స్టేషను తెరిచేముందు ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ వచ్చేది కదా, మీ నాన్న బాల్యానికి అంతకంటే మంచి సంగీతం నువ్వెంత వెతికినా దొరకదు. 1930లలో వాల్టర్ కౌఫ్‌మన్ అనే ఆయన కట్టిన ట్యూన్ అది. చెక్ దేశంనుంచి వచ్చి బొంబాయి రేడియోలో పనిచేశాడు. అందులో శివరంజని ఛాయ ఉందంటారు. శివరంజని అనగానే మన సినిమావాళ్లు కన్నీళ్లు పెట్టిస్తారు, కానీ ఆ ట్యూన్ విని ఏడ్చినవాళ్లెవరూ లేరు. పొయ్యి వెలిగించారు, పాలు పితికారు, పిల్లల్ని లేపారు. రాగం పేరు చూసి ఇది విషాదం, ఇది సంతోషం అని నిర్ణయించకు. విన్నవాళ్లకి దానితో ఏ జ్ఞాపకం అతుక్కుని ఉందో అదే దాని రసం. షెహనాయి సంగతీ అంతే. ఉత్తరాదివాళ్లకి అది పెళ్లి వాద్యం. మన దగ్గర నా వయసువాళ్లకి పెద్ద నాయకుడెవరైనా పోయిన రోజున రేడియోలో వచ్చే సంతాప సంగీతం గుర్తొస్తుంది. నీ పట్టికలో షెహనాయి ట్రాకు ఒకటుంది. తీసెయ్.

ఇక అసలు గొడవ, మాటలు. ట్యూన్ బావుందని పాట పెట్టేస్తారు, అందులో ఏం చెబుతున్నాడో వినరు. అమ్మానాన్నల పెళ్లిఫొటోల మీద నువ్వు అభినందన (1988) పాట పెట్టావు. ఇళయరాజా ట్యూన్ అమృతమే. కాని ఆ సినిమాలో ఆత్రేయ రాసిన పాటల్లో చాలావరకు ప్రేమించిన అమ్మాయి దూరమైనవాడి బాధే. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి, పక్కన మీ అమ్మ పట్టుచీరలో కూర్చుని ఉండగా, చుట్టాలందరి ముందూ ఆ పాట విని ఏమనుకోవాలి? మీ పెద్దత్త నోరు ఊరుకుంటుందా? "ఏరా తమ్ముడూ, ఎవర్రా అది?" అనదూ! మరోచరిత్ర, గీతాంజలి కూడా అలాంటివే. పాటలు మధురం, కథల్లో చావు కూర్చుని ఉంది. గీతాంజలి నుంచి వాద్యాలు మాత్రం మోగే ముక్కలు వాడుకో, పాట మొత్తం వద్దు.

ఒక పని చెయ్యి. ఏ పాటైనా పెట్టేముందు సాహిత్యం కాగితం మీద రాసుకుని, ట్యూన్ లేకుండా, వార్తలు చదివినట్టు పైకి చదువు. ఎక్కడైనా "వెళ్లిపోయావు", "మిగిలాను" వంటి మాట తగిలితే ఆ చరణం కత్తిరించు. చాలా పాటల్లో పల్లవి నిర్దోషి, రెండో చరణంలోనే కొంప మునుగుతుంది. మా రోజుల్లో వీడియోవాళ్లకి జీలకర్రబెల్లానికొక పాట, తలంబ్రాలకొక పాట, అప్పగింతలకొక పాట అని వాడుక ఉండేది. 1961 నాటి సీతారామ కళ్యాణంలో గాలి పెంచల నరసింహారావు గారు కట్టిన పెళ్లిపాట లేకుండా క్యాసెట్టు బయటికి పోయేది కాదు. మీ అమ్మానాన్నల పెళ్లి నాటికి పెళ్లిపుస్తకం (1991) వచ్చేసింది, ఆరుద్ర రాసిన ఆ పెళ్లిపాట ఊరూరా మోగుతోంది. వాళ్ల క్యాసెట్టులో ఉన్నదీ అదే. అభినందన స్థానంలో దాన్ని పెట్టు. పాతబడిందని ముఖం చిట్లించకు, వాళ్లకది వాళ్ల పెళ్లి.

హాలు గురించి నువ్వు ఆలోచించినట్టు లేదు. గదిలో హెడ్‌ఫోన్సు పెట్టుకుని చూసుకుంటే నీ వీడియో ఒకలా ఉంటుంది, ఫంక్షన్ హాల్లో మరోలా ఉంటుంది. అక్కడ ఎవరూ నోరు మూసుకుని చూడరు. "అదిగో, మన సుబ్బాయమ్మ పిన్ని!", "ఆ పక్కనున్నది ఎవరే?", "అప్పుడెంత సన్నగా ఉన్నావురా!" ఇదీ అసలు సంగీతం. ఆ మాటల కోసమే కదా ఫొటోలు వేస్తున్నది. పైన పాటలో గొంతు గట్టిగా మోగుతుంటే పెద్దవాళ్లు ఆ రెండు మాటలూ అనుకోలేక ఊరుకుంటారు. అందుకని గుంపు ఫొటోలొచ్చే చోట వాద్యాలే ఉండాలి. సిరివెన్నెల (1986)లో హరిప్రసాద్ చౌరాసియా వాయించిన వేణువు ఉంది, మాటల కింద నీళ్లలా పారుతుంది, ఎవరికీ అడ్డు రాదు. నాదస్వరం మాత్రం పెట్టకు. మేళంవాళ్లు ఉదయంనుంచి అక్కడే వాయిస్తూ ఉంటారు, వాళ్లు కాస్త దమ్ము తీసుకునే వేళకి మళ్లీ అదే స్పీకర్లోంచి వస్తే చెవులు అలిసిపోతాయి. సౌండు కుర్రాడికి ముందే చెప్పు, బాస్ తగ్గించమని. డీజే పాటలకి పెట్టిన సెట్టింగులో పాత మోనో రికార్డింగు వేస్తే డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టుంటుంది.

ఎన్ని ఫొటోలు, ఎంతసేపు? మూడు వందలున్నాయన్నావు. ఒక్కోటి అయిదు సెకన్లు వేసినా పాతిక నిమిషాలు. అంతసేపు కూర్చోరమ్మా, వంటవాళ్లు ఆకులు వేశామని కబురు పెడతారు. పన్నెండు నిమిషాలకి దించు. అంటే నాలుగు నిమిషాల పాటలు మూడు పట్టేంత, ఫొటోలు నూట నలభై లోపు. పన్నెండో పదమూడో ఏట తీసిన పాసుపోర్టు ఫొటోకి మూడు సెకన్లు చాలు. తాతగారి వసారాలో పాతికమంది ఉన్న ఫొటోకి పది సెకన్లు ఇవ్వు. ఒక్కో మొహాన్ని వెతుక్కోవాలి, పేర్లు పలకాలి, ఒకరి పేరు తప్పు చెబితే ఇంకొకరు దిద్దాలి.

తాళానికి సరిగ్గా ఫొటో మార్చాలని నీకు సరదాగా ఉన్నట్టుంది. పాట నడక నిమిషానికి 96 దెబ్బలుంటే, ఎనిమిది లెక్కల ఆవర్తానికి సరిగ్గా అయిదు సెకన్లు పడుతుంది. ఆవర్తం మొదటి దెబ్బకి ఫొటో మారితే కంటికి హాయిగానే ఉంటుంది. కానీ యాప్‌లో ఆటోమేటిగ్గా పెట్టావా, పాత పాటల దగ్గర తేడా కొడుతుంది. అప్పట్లో ఆర్కెస్ట్రా అంతా ఒక హాల్లో కూర్చుని వాయించేవాళ్లు, మనుషులు కదా, చరణం ఊపులో కొంచెం పరిగెత్తుతారు, చివర్లో కొంచెం ఆగుతారు. చేత్తో తొడ మీద తట్టుకుంటూ నువ్వే మార్చు. అది కూడా ప్రతి ఫొటోకీ కాదు. అన్నీ దెబ్బ మీదే మారితే పెళ్లి వీడియోల్లో గుండె బొమ్మలూ గులాబీ రేకులూ తిరిగిన కాలం గుర్తొస్తుంది. ఆ పాపంలో నాకూ వాటా ఉందిలే. పాట ముగించేటప్పుడు మాత్రం పల్లవి మళ్లీ వచ్చి కూర్చున్నాక తగ్గించు, మధ్యలో పీక నొక్కకు.

ఇప్పుడు నాన్నమ్మ సంగతి. ఆవిడ ఫొటోల మీద నువ్వు సినిమా అమ్మ పాట పెట్టావు. వద్దు. పోయినవాళ్ల ఫొటో మీద అమ్మ పాట పెడితే హాలంతా ఏడుస్తుంది నిజమే, కానీ ఆ ఏడుపు పాటది. ఆవిడ సొంత గొంతే నా దగ్గర ఉంది. మీ అమ్మ పెళ్లి వీడియో తీసింది నేనే. మీ ఇంట్లో ఉన్న క్యాసెట్టులో మొదట్నుంచి చివరిదాకా సినిమా పాటలే వినిపిస్తాయి. మిక్సింగంటే అప్పట్లో అదే, అసలు చప్పుడంతా తీసేసి పైన పాటలు వేసేవాళ్లం. మాస్టర్ క్యాసెట్టు మాత్రం నా దగ్గరే ఉంది. అందులో పెళ్లి అయిపోయాక పీటల దగ్గర నాన్నమ్మ మంగళహారతి పాడింది. వెనక జనరేటరు మోత, లైటు పట్టుకున్న కుర్రాడు వైరు లాగమని అరవడం, పళ్లెంలో గాజుల చప్పుడు, మధ్యలో ఆవిడ ఒక చరణం మర్చిపోతే మీ పెద్దత్త అందించడం, అన్నీ ఉన్నాయి. శ్రుతి అంత గొప్పగా లేదు. ఆ గొంతు ఎలా ఉండేదో నీకు గుర్తుండకపోవచ్చు, మీ నాన్నకి ఉంటుంది.

క్యాసెట్టు ఇన్నేళ్లుగా బీరువాలో ఉంది. ముందు ఆడించకుండా చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్లీ వెనక్కి తిప్పుతాను, చుట్టలు అతుక్కుని ఉంటే కాస్త వదులవుతాయి. బూజు కనిపిస్తే నేను ముట్టుకోను, విజయవాడలో పాత టేపులు శుభ్రం చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. కంప్యూటర్లోకి ఎక్కించి ఆ హారతి ముక్క నీకు పంపుతాను. జనరేటరు మోత తీసెయ్యాలని చూడకు. ఆ సాఫ్ట్‌వేర్లు మోతతో పాటు గొంతులో పసా తీసేస్తాయి. అర నిమిషం చాలు, దాని మీద ఒకటే ఫొటో, వేరే సంగీతమేదీ వద్దు. చివర్లో పెట్టకు, మధ్యలో ఎక్కడో పెట్టి, వెంటనే మీ నాన్న నిన్ను భుజాన ఎక్కించుకున్న ఫొటోలు రానియ్యి. మనిషి తేరుకోవడానికి చోటుండాలి. మీ అమ్మని ముందు అడుగు. వద్దంటే వద్దే, ఇక వాదించకు.

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం యూట్యూబ్‌లో పెడతానన్నావు. సినిమా పాటలున్నాయని అక్కడి మిషనే పట్టేసి మూగచేస్తుంది, ఒక్కోసారి వీడియోనే ఆపేస్తుంది. పెళ్లి వేడుకల్లో పాటలు వేసుకోవడానికి మన కాపీరైటు చట్టంలో మినహాయింపు ఉంది. షష్టిపూర్తిలో మళ్లీ తాళి కడతారు కాబట్టి ఇదీ పెళ్లేనని నేనంటాను, లాయరేమంటాడో గాని. హాల్లో వేసుకో, వాళ్లకి గూగుల్ డ్రైవులో పెట్టి లింకు పంపు.

ఆఖరి గుంపు ఫొటోకి ఏం పెట్టాలని అడిగావు. అందరికీ నోటికొచ్చిన పాట ఏదైనా కరోకె ట్రాకు వెయ్యి, గొంతు లేకుండా. మీ బాబాయి ఊరుకోడు, ఎత్తుకుంటాడు, మిగతావాళ్లు కలుస్తారు. ఏ పాటన్నది మాత్రం మీ అమ్మే చెప్పాలి. మీ నాన్న స్కూటరు మీద వస్తూ వీధి మలుపులో ఈల వేసేవాడు, అది వినే ఆవిడ తలుపు తీసేది. ఏ పాటో నాకు తెలుసు, కానీ నేను చెప్పను. వీడియోని పెన్‌డ్రైవులో వేసుకుని ముందురోజే హాలుకి వెళ్లి ఒకసారి ఆడించి చూడు. అక్కడి వైఫైని నమ్ముకోవద్దు.

అత్తయ్య ఆశీస్సులు చెప్పమంది.

మీ
మావయ్య